జాలంలో పెట్టాం, చూసుకోండి

ఎండలు ముదిరితే ఆ అడవిలో ఏరు ఎండిపోయి, పొడుగాటి మడుగు ఒక్కటే మిగిలేది. దాని గట్లు నిటారుగా ఉండేవి. నీళ్ళ దాకా దిగాలంటే మూడే దారులు: ఎగువ రేవు, నడిమి రేవు, దిగువ రేవు. ఆ మడుగులో ఉన్నది ఒకే ఒక్క మొసలి.

ఒక్క మొసలికి అడవి అడవంతా హడలిపోవడం ఏమిటని మీరనుకోవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. అది రోజూ తెల్లారకముందే ఏదో ఒక రేవులో మాటువేసి, పొద్దుగూకేదాకా కదలదు. ఏ రేవులో ఉందో తెలిస్తే మిగతా రెండు రేవుల్లో కూనలు కూడా దిగి ఆడుకుంటూ తాగొచ్చు. తెలియకపోతే మాత్రం దిగినవాళ్ళు మళ్ళీ గట్టెక్కరు. అంటే ఆ అడవిలో చావుకీ బతుక్కీ మధ్య ఉన్నది ఒక్క మాట.

ఆ మాట కొంగకి తెలుసు. గట్టు మీది ఏరుమద్ది చెట్టు కొసన కూర్చుంటే నీళ్ళలో మొసలి వీపు నల్లగా కనపడుతుంది. కొంగ పొద్దున్నే వచ్చి ఆ సంగతి రేవుల సంఘం కార్యదర్శి ఒక్కడికే చెప్పాలి. కార్యదర్శి దాన్ని అడవికి చెప్పాలి. ఈ ఏర్పాటు చేసింది అడవిదున్న పెద్దాయన. ఆయన మనసు వెన్న, బుర్ర కాస్త నెమ్మది. అందుకే కార్యదర్శి పని నక్క జంబయ్యకి ఇచ్చాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

జంబయ్య రెల్లుదుబ్బు నీడలో కూర్చునేవాడు. ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి అడగాలి. ఎలుగుబంటి తేనెపట్టు తెస్తే మాట వెంటనే దొరికేది. అడవిపంది వరాలయ్య దుంపలు తవ్వి తెస్తే కాసేపాగి దొరికేది. దుప్పుల్లాంటి గడ్డి మేసే బతుకులు నక్కకి ఏం తెచ్చిపెడతాయి? వాటికి మాత్రం కొంగ ఇంకా రాలేదనీ, వచ్చింది గానీ సరిగ్గా చూసినట్టు లేదనీ, రేపు రమ్మనీ చెప్పేవాడు. దాహం రేపటిదాకా ఆగుతుందా? నక్క తోక తొక్కితే అదృష్టమని మనుషులంటారట. ఆ అడవిలో ఆ తోక పట్టుకుని తిరిగితే తప్ప గుక్కెడు నీళ్ళకి దిక్కులేదు.

"ఏం చెయ్యమంటారు? అడగందే అమ్మైనా పెట్టదు. అయితే అడిగే పద్ధతిలో అడగాలి" అనేవాడు జంబయ్య మీసాలు నాక్కుంటూ. ఆ పద్ధతేమిటో ఎలుగుబంటి మూతికంటిన తేనె చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది.

చివరికి వరాలయ్యకి ఒళ్ళు మండి సభలో లేచాడు. మొసలి భయం అందరిదీ అయినప్పుడు, మాట ఒకడి దగ్గర ఎందుకుండాలని అడిగాడు. తను దుంపలు తవ్వలేని రోజున చావాల్సిందేనా అని కూడా అడిగాడు. పెద్దాయన చాలాసేపు నెమరేసి తీర్పు చెప్పాడు.

"అడిగితే చెప్పడం కాదు. అడక్కముందే చెప్పాలి. రోజూ, అందరికీ, ఊరికే."

అడవంతా సంబరపడింది. జంబయ్య అందరికంటే ముందు తల ఊపాడు. అప్పుడే అనుమానించి ఉండాల్సింది గానీ, సంబరంలో ఎవరు చూస్తారు?

మర్నాడు పొద్దున్నే జంబయ్య రాయెక్కి ప్రకటించాడు. అడవి అంచున ఓ సర్కారు బంగళా ఉంది. దాని వెనక పెంటకుప్పలో ఎముకలు వెతుక్కుంటున్నప్పుడు మనుషుల మాటలు విన్నాడట. పట్నంలో ఆఫీసులన్నీ ఇప్పుడు ఎవరూ అడక్కుండానే అన్ని సంగతులూ జాలంలో పెట్టేస్తున్నాయట. మన అడవి మాత్రం ఏం తక్కువ తిన్నది? మన సంఘం కూడా ఇవాళ్టినుంచి మాటని జాలంలో పెట్టేస్తుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు, తన దగ్గరికి రానవసరమే లేదు అన్నాడు.

"జాలం అంటే?" అన్నాడు పెద్దాయన.

"వల అండీ. పెద్దమాటలో జాలం అంటారు. గుట్ట వెనక పెట్టించాను."

పెద్దాయనకి మాట గంభీరంగా వినిపించింది. అడవిదున్నని పట్టే వల ఎవడూ నేయలేదు గనక ఆయనకి అందులో తేడా తెలియలేదు. బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు. మిగతా సభ మాత్రం నిలుచున్నచోటే బిగుసుకుపోయింది. దుప్పికైనా, కుందేలుకైనా, పందికైనా వల అంటే ఏమిటో తల్లి కడుపులోనే తెలుసు. వల ఉన్న దిక్కుకి ఎవరైనా తమంతట తాము నడిచి వెళతారా? చుక్కల దుప్పి చెంగి, దాని అక్క మచ్చక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. వాటి తల్లి పోయింది వలలోనే. ఉరి బిగిసినకొద్దీ ఆమె కొట్టుకున్న చప్పుడు పొదలో నక్కి విన్న పిల్లలవి.

ఆ రోజు మొదలు అడవి జాతకం మారలేదు సరికదా, ఇంకా చెడింది. ఇదివరకు నక్కని బతిమాలితే ఎప్పుడో ఒకప్పుడు మాట దొరికేది. ఇప్పుడు అడగబోతే చాలు, "జాలంలో పెట్టాం, చూసుకోండి" అని మొహం తిప్పుకునేవాడు. రహస్యంగా తేనెపట్టు తెచ్చిన ఎలుగుబంటికి మాత్రం చెవిలో చెప్పేవాడు. మిగతావాళ్ళు గాలి వాసన చూసి, దేవుడి మీద భారం వేసి దిగేవాళ్ళు.

చెంగికి అప్పుడే పుట్టిన కూన ఉంది. తల్లికి నీళ్ళు లేక పాలు ఎండిపోతున్నాయి. కూన పొదుగు కుమ్మి కుమ్మి, పాలు రాక, నోరు తెరుచుకుని పడుకుంటోంది. అది చూడలేక మచ్చక్క లేచింది.

"నువ్వు కూనని కనిపెట్టుకుని గట్టు మీదే ఉండు. నడిమి రేవులో నేను ముందు దిగి చూస్తా. ఏం లేకపోతే పిలుస్తా" అంది.

నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. మచ్చక్క వంగి, ఒక గుక్క తాగి, తలెత్తి చెల్లెలి వైపు చూసింది. పిలవబోతున్నట్టే నోరు తెరిచింది. అంతే, నీళ్ళు లేచాయి. చెంగి కళ్ళు మూసి తెరిచేలోగా రేవులో ఎవరూ లేరు. అలలు గట్టుకి కొట్టుకుని సర్దుకున్నాయి. చెంగి కాళ్ళు నేలలో దిగేసినట్టు అక్కడే నిలబడి, అక్క ఇంకా నీళ్ళు తాగుతోందేమో అన్నట్టు ఆ చోటే చూస్తూ ఉండిపోయింది. వరాలయ్య వచ్చి మూతితో నెట్టి తీసుకుపోవాల్సి వచ్చింది.

సభ కూడింది.  వరాలయ్య జంబయ్యని నిలదీశాడు, ఇవాళ మొసలి నడిమి రేవులో ఉందని చెప్పలేదేమని.

"చెప్పలేదని ఎవరన్నారు? పొద్దున్నే పెట్టించాను" అన్నాడు జంబయ్య. "జాలంలో ఉంది. చూసుకోకుండా దిగితే సంఘం ఏం చేస్తుంది?"

"నిజంగా పెట్టావా?" అన్నాడు పెద్దాయన.

"పెద్దవారు, మీ దగ్గర అబద్ధమా? వెళ్ళి చూడమనండి."

అక్కడే అందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. నక్క అబద్ధం చెబుతున్నాడనుకుంటే కోపం వచ్చేది, కోపంతోనైనా కుదుటపడేవాళ్ళు. కానీ వాడి గొంతులో తడబాటు లేదు. పెద్దాయన కొమ్ములు వాల్చాడు. తను చెప్పమన్నాడు, వాడు చెప్పాడట. 

అప్పుడు చెంగి నోరు విప్పింది. ఆ వల ఎక్కడుందో చూపించమంది. జంబయ్య ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎండ ఎక్కువగా ఉందన్నాడు, పచ్చి బాలింతవి ఎందుకమ్మా అన్నాడు, దారి మంచిది కాదన్నాడు. చెంగి వినలేదు. కూనని వరాలయ్య దగ్గర వదిలి గుట్ట వెనక్కి నడిచింది.

పోయిన ఏడు వేటగాళ్ళు వదిలేసిపోయిన చిరుగుల వల అది. రెండు తుమ్మల మధ్య వేలాడుతోంది. చూడగానే తల్లి కొట్టుకున్న చప్పుడు చెంగి చెవుల్లో మోగింది. వెనక్కి తిరిగేదే. కానీ అక్క తెరిచిన నోరు కళ్ళముందు కదిలింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

వలకి మూడు పెద్ద కంతలున్నాయి. ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కింద. రెండు కంతలు ఖాళీ. మధ్య కంత సాలీడు దారాలతో దట్టంగా అల్లేసి ఉంది. ఓ మూల నుంచి సాలీడు గబగబా దిగి వచ్చింది.

"వచ్చావా తల్లీ. ఇన్నాళ్ళకి ఒకరు వచ్చారు" అంది.

చెంగి ఈ అల్లికకి అర్థమేమిటని అడిగింది. సాలీడు సంబరంగా చెప్పింది. పై కంత ఎగువ రేవు, మధ్యది నడిమి రేవు, కిందది దిగువ రేవు. మొసలి ఉన్న రేవు కంతని మూసేస్తుంది. పొద్దున్నే పాత అల్లిక తీసేసి కొత్తది అల్లుతుంది. పసికూనకైనా తెలియాలని అంత సులువుగా పెట్టానంది.

చెంగి మధ్య కంత వైపు చూసింది. దారాలు ఎండలో మెరుస్తున్నాయి. ఇంత తేలికా? ఒక్కసారి చూస్తే చాలేది కదా? నక్క అబద్ధం చెప్పలేదు. మాట నిజంగానే ఇక్కడుంది, అక్క దిగకముందే ఉంది. చెంగికి తల తిరిగింది. అబద్ధం మనిషినో మృగాన్నో చంపుతుందని విన్నది గానీ, నిజం ఉండి కూడా చంపుతుందని ఎప్పుడూ వినలేదు.

"మా అక్క ఇవాళ నడిమి రేవులో పోయింది" అంది.

సాలీడు కాళ్ళన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. "అదేంటమ్మా. నేను మూశాను కదా. అందరూ చూస్తున్నారనే అనుకున్నా. నేను పడుకున్నప్పుడు వచ్చి చూసి పోతున్నారేమో అనుకున్నా."

"వలంటే మాకు భయం. ఎవరం రాము."

"మరి జంబయ్యకి తెలుసు కదా ఆ సంగతి" అంది సాలీడు తెల్లబోయి. "చోటు చూపించింది ఆయనే. విడి కొమ్మల మధ్య అల్లుతానంటే వద్దన్నాడు, దీనికే అల్లమన్నాడు. ఆయన కూడా దగ్గరికి రాడు. ఆ గుట్ట మీదనుంచే రేవు పేరు కేకేసి పోతాడు. వాళ్ళ నాన్న ఇలాంటి దానిలోనే పోయాడట."

అదీ సంగతి. నక్క తన భయాన్నే కొలతగా పెట్టి చోటు వెతికాడు. తను ఛస్తే రాని చోటికి అడవిలో ఇంకెవరూ రారని వాడికి బాగా తెలుసు. చెంగి కూన దగ్గరికి తిరుగుదారి పట్టింది. 

మర్నాడు చెంగి చెప్పినదంతా విని సభ నోరు తెరుచుకుంది. పెద్దాయన మొదటిసారి నెమరు ఆపేశాడు. "నువ్వు పెట్టలేదని అనలేను జంబయ్యా. పెట్టావు. కానీ కనపడకుండా పెట్టావు. ఇక మాట నీ గుండా పోదు" అన్నాడు. కొంగ నేరుగా సాలీడుకే చెప్పాలని ఆజ్ఞ అయింది. సాలీడు ఆ పాత వల వదిలేసి, రేవులకి దారులు చీలేచోట, అందరూ నడిచే బాట పక్కన, రెండు మామూలు కొమ్మల మధ్య మూడు కంతల గూడు కట్టింది. చెంగి ఇంకో పని పెట్టుకుంది. పొద్దున్నే గూడు చూసి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ, అడిగినా అడక్కపోయినా, మొసలి ఫలానా రేవులో ఉందని చెప్పేది. ఆ తరవాత చాన్నాళ్ళు మడుగులో ఒక్క ప్రాణం పోలేదు.

జంబయ్య మాత్రం రెల్లుదుబ్బులోంచి బయటికి రాలేదు. ఇన్నాళ్ళూ అడిగించుకున్నవాడు ఇప్పుడు వెళ్ళి అడగాలంటే నామోషీ. ఇసకలో చెలమ తోడుకుని తాగాడు. కొన్నాళ్ళకి చెలమ కూడా ఎండింది. నాలుక పిడచకట్టి, చివరికి ఒకనాటి పొద్దున రేవుదారి పట్టాడు.

వాడు వస్తుండడం దూరంనుంచి చూసి వరాలయ్య చెంగి పక్కకి జరిగాడు.

"వాడికి మాత్రం చెప్పకు చెల్లీ. మొసలి ఇవాళ దిగువ రేవులో ఉంది. వాడికి ఆ దారే దగ్గర. పోనీ. మన చేతులకి మట్టి అంటదు."

 నోరు కట్టేసుకుంటే చాలు, అక్క పగ తీరిపోతుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆ ఆలోచన చెంగికి తియ్యగానే ఉంది. తరవాత కూన వైపు చూసింది. కూన ఎప్పట్లాగే ఏమీ అడక్కుండా వచ్చి పొదుగులో తల దూర్చింది.

"అడగందే అమ్మైనా పెట్టదని వాడంటాడన్నా. ఏ అమ్మని చూసి అన్నాడో" అంది. "చెప్పకుండా ఊరుకుంటే నేనూ ఇంకో జంబయ్యనే కదా."

ఎదురెళ్ళి దారి మధ్యలో నిలబడింది. "మామా, దిగువ రేవుకి పోకు. మొసలి అక్కడుంది. ఎగువకి పో" అంది.

జంబయ్య ఆగాడు. చెంగి మొహంలోకి చూశాడు. ఈ దుప్పి అక్కని చంపించింది తను. తను ఒక్క మాట కూడా అడగలేదు. తేనె లేదు, దుంప లేదు. ఊరికే నిజం ఎవరైనా చెబుతారా? తన జన్మలో తను చెప్పాడా? అంటే మొసలి ఎగువ రేవులో ఉందన్నమాట. పాపం, దుప్పి బుర్ర కదా, పన్నాగం పన్నడం కూడా చేతకాలేదు అనుకుని లోపల నవ్వుకున్నాడు.

చెంగి తల తిప్పి సాలెగూడు చూపించింది. కింది కంత దట్టంగా అల్లి ఉంది. ఓహో, సాలీడుని కూడా కలుపుకున్నారన్నమాట అనుకున్నాడు జంబయ్య. దుప్పుల మంద మందంతా ఎగువకి నడుస్తోంది. నన్నొక్కణ్ణి నమ్మించడానికి ఎంత నాటకం ఆడుతున్నారు అనుకున్నాడు.

"నువ్వు చాలా మంచిదానివి చెంగీ" అని వెటకారంగా అని, తోక ఊపుకుంటూ దిగువ దారి పట్టాడు.

చెంగి వెంటపడింది. నిజమే చెబుతున్నాను మామా అని మొత్తుకుంది. వెంటపడినకొద్దీ వాడికి నమ్మకం పెరిగింది, ఇంతగా ఆపుతోందంటే దిగువ రేవే మంచిదని. చివరికి చెంగి కొమ్ములేని తలతోనే వాడి డొక్కలో కుమ్మబోయింది. వాడు పక్కకి తప్పుకుని గట్టుమీదనుంచి రేవులోకి దూకి, దాహం కొద్దీ నీళ్ళలో మూతి పెట్టాడు.

రెండో గుక్క తాగలేదు. పోయేముందు తల తిప్పి గట్టు మీదికి చూశాడు. ఆ చూపులో నొప్పి కంటే విస్మయమే ఎక్కువుంది. దుప్పి నిజం చెప్పిందా అన్నట్టు చూశాడు. తరవాత నీళ్ళు కలిసిపోయాయి.

అడవంతా గట్టుకి పరిగెత్తుకొచ్చింది. ఎవరూ సంతోషించలేదు.  పెద్దాయన చెంగి పక్కన వచ్చి నిలబడ్డాడు.

"చెప్పావా వాడికి?"

"చెప్పాను."

"అడిగాడా?"

"అడగలేదు తాతా. అడక్కముందే చెప్పాను. అందుకే నమ్మలేదు."

 వరాలయ్య తల దించుకుని, ఎవరో తరుముతున్నట్టు, దారిలో వస్తున్న కుందేళ్ళకి ఎదురెళ్ళాడు, మొసలి దిగువ రేవులో ఉందని చెప్పడానికి.

నీతి: నిజాన్ని దాచి అమ్ముకున్నవాడి చెవికి, ఊరికే వచ్చిన నిజం అబద్ధంలాగే వినిపిస్తుంది.